గొంతు మీదేగా

మా నాన్నకు బట్టలు కుట్టడం వృత్తి, హార్మోనియం వాయించడం వ్యసనం. జగ్గయ్యపేటలో బస్టాండుకు పోయే దారిలో ఆయన టైలరు కొట్టు ఉండేది. పండక్కి ఇవ్వాల్సిన జాకెట్లు పండగ వెళ్లాక ఇచ్చేవాడు. ఏమయ్యా అంటే నాటకం ఉందనేవాడు. ఇంటిదాకా వచ్చి గొడవపెట్టుకునే ఆడవాళ్లకు సమాధానం చెప్పే పని మాత్రం మా అమ్మది.

తొంభైల మొదట్లో నాన్న స్నేహితుడైన ఒక తెలుగు మాస్టారు సొంతంగా పద్యనాటకం రాశారు. రాజ్యంలో కరువొస్తుంది. రాజూ రాణీ తమ కొడుకును తీసుకుని ప్రజలతోపాటు అడవిదారి పడతారు. రెండో అంకంలో ఆ పిల్లవాడు దాహంతో తల్లి ఒడిలో చచ్చిపోతాడు. ఆ వేషానికి తమ పిల్లల్ని పంపడానికి ఊళ్లో ఏ తల్లీ ఒప్పుకోలేదు. నిక్షేపంలాంటి పిల్లాడికి చావు వేషమేమిటన్నారు. మా అమ్మా అదే అంది గానీ ఆమె మాట వినేదెవరు? నాకప్పుడు ఆరేళ్లు. నాన్న నా జుట్టు పొట్టిగా కత్తిరించి, చిన్న పంచె గోచీపోసి కట్టి, మాస్టారి ముందు నిలబెట్టాడు. మాస్టారు నన్ను "అమ్మా, దాహం" అనమన్నారు. అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతటితో నా బతుకు నిర్ణయమైపోయింది.

వేషం చూడ్డానికి చిన్నదే. తల్లి కొంగు పట్టుకుని నడవాలి, రెండుసార్లు దాహమనాలి, మూడోసారి మాట సగంలో ఆపి పడిపోవాలి. అసలు కష్టం పడిపోయాక మొదలయ్యేది. రాణి వేషం వేసే ఆవిడ నన్ను ఒళ్లో వేసుకుని వరసగా పద్యాలు అందుకునేది. మంచి గాత్రం. జనం ఒక్కో పద్యానికీ వన్స్ మోర్ కొట్టేవాళ్లు. ఆవిడ కాదనకుండా మళ్లీ మొదటినుంచీ పాడేది, మా నాన్న హార్మోనియం మీద ఆనందంగా ఊగిపోయేవాడు, నేను మాత్రం కదలకుండా పడుకుని ఉండాలి. ఆవిడ కన్నీళ్లు మొహానికి రాసుకున్న రంగుతో కలిసి నా చెవిలోకి కారేవి. దోమలు కుట్టేవి. ఒకసారి పెనుగంచిప్రోలు తిరునాళ్లలో పట్టలేక కాలు గోక్కున్నాను. ముందు వరసలో వాళ్లు పకపకా నవ్వారు. రాణి పద్యం ఆపకుండానే నా వీపు గట్టిగా గిల్లి, రాగం తీసే సందులో, "చచ్చినట్టు పడుకోవే" అంది. అలాగే పడుకున్నాను.

నాటకం ఎక్కడాడితే అక్కడ నా పేరు పోయి 'దాహం పిల్లాడు' మిగిలింది. నేను ఆడపిల్లనన్నది ఎవరికీ పట్టేది కాదు. పెళ్లికి వెళ్తే చుట్టాలు, ఒంట్లో బాగాలేక వెళ్తే ఆస్పత్రిలో కాంపౌండరు, రేషను షాపు దగ్గర క్యూలో ఆడవాళ్లు, ఏదీ ఒక్కసారి ఆ మాట అనవే అనేవాళ్లు. కొందరు గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చి పెట్టుకునేవాళ్లు. బళ్లో ఆటలయ్యాక నిజంగానే నోరెండిపోయి, సార్, దాహం వేస్తోందండీ అంటే క్లాసంతా చప్పట్లు కొట్టింది. సారు కూడా నవ్వి, ఇంకోసారి అనమన్నారు. నీళ్లకు పంపడం మరిచిపోయారు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ నాన్న మీద విరుచుకుపడింది. నాన్న ఎంతో సంతోషంగా, చూశావా, పిల్ల అంతగా జీవించిందన్నమాట అన్నాడు.

పన్నెండేళ్లు వచ్చేసరికి నేను గబగబా పొడవు పెరిగాను. రాణి ఒళ్లో తల పెడితే కాళ్లు స్టేజీ దీపాల దాకా పోయేవి. నందిగామలో నాటకమయ్యాక ఆవిడ మేకప్పు తుడుచుకుంటూ మా నాన్నతో, "ఇది నా కొడుకులా ఉందా అన్నయ్యగారూ, నా మరిదిలా ఉందా? నా మోకాళ్లు పోతున్నాయి" అంది. తరవాతి నాటకానికి వేరే పిల్లాణ్ణి పెట్టారు. పీడ వదిలిందనే అనుకున్నాను. కానీ ఆ నాటకం చూడ్డానికి వెళ్లి జనంలో కూచుంటే, ఆ పిల్లాడు దాహమన్న మాట నాలుగో వరసకే వినపడలేదు. కింద కూచుని పళ్లు నూరుకున్నాను. చేస్తున్నన్నాళ్లూ విసుగు, మానేశాక మంట. నా వృత్తి జీవితమంతా దాదాపు ఇలాగే గడిచింది.

నన్ను మళ్లీ మైకు ముందుకు లాగింది మైకుసెట్టు బాబాయి. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాటకాలకు మైకులు పెట్టేవాడు, నాన్నతో కలిసి టీలు తాగేవాడు, అందుకని బాబాయి. ఆయన షాపులో రెండు టేపులున్న పెద్ద డెక్కు ఒకటి, దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది ఒకటి ఉండేవి. ఆటోలకు కట్టి ఊళ్లు తిప్పే ప్రచారం క్యాసెట్లు అక్కడే తయారయ్యేవి. నేను ఇంటరు మొదటి సంవత్సరంలో ఉండగా, ఎప్పుడూ చెప్పే ఆయనకు గొంతు పూడుకుపోయింది. చీరల కొట్టువాళ్లు వచ్చి కూచున్నారు. బాబాయి మా ఇంటికి వచ్చి నన్ను సైకిలు మీద తీసుకుపోయాడు. కాగితం మీద రాసింది ఊపిరి తిప్పుకోకుండా చదివాను. ఆయన చెవులకు పెట్టుకున్నది తీసి, "నీ గొంతు గొట్టంలోంచి కూడా గొంతులానే వినపడుతోందమ్మా" అన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మెప్పు కాదు. గొట్టం మైకులోంచి ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలో రాళ్లు దొర్లినట్టుండేది.

అక్కణ్ణించి జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ వీధుల్లో నేనే. చీరల తగ్గింపు నేనే, కొత్తగా పెట్టిన హోటలు నేనే, టైలరింగు శిక్షణ నేనే, పెద్దమనిషి ఎవరైనా పోతే ఆయన పెద్దకర్మకు రమ్మని పిలిచేదీ నేనే. పొద్దున వాకిలి ఊడుస్తుంటే మా వీధిలోంచి నేను వెళ్తుండేదాన్ని. అమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా వినేది, పైకి మాత్రం ఏమిటీ గోల అనేది.

గోలే. ఎందుకంటే, ఆటోలో చెప్పిన ప్రతి మాటకూ జనం నన్ను పట్టుకునేవాళ్లు. మూడు రోజులు మాత్రమే అన్న చీరల తగ్గింపు నెలల తరబడి సాగింది. బస్సులో పక్కన కూచున్నావిడ, నువ్వు మూడ్రోజులంటే నమ్మి అప్పటికప్పుడు పరిగెత్తాను, ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు కదా అని నిలదీసింది. కొట్టువాడు చెప్పమన్నాడండీ అన్నాను. ఆవిడ అటు తిరిగి కూచుంది. హోటల్లో సాంబారు పులిసిపోయినా నా దగ్గరికే వచ్చేవారు.

వీటికి విసుక్కునేదాన్ని, నవ్వేదాన్ని కూడా. నవ్వలేనిది ఒకటే. ఒక ఏడాది పత్తి విత్తనాల ప్రచారం చెప్పాను. ఆ విత్తనం సరిగ్గా మొలవలేదు. వత్సవాయి వైపు నుంచి ఒకావిడ నాన్న కొట్టు కనుక్కుని, అక్కణ్ణించి మా ఇంటికి వచ్చింది. కూచోమంటే కూచోలేదు. గుమ్మంలో నిలబడి నన్ను తేరిపార చూసి, "ఆటోలో చెప్పింది నువ్వేనా?" అంది.

నేనేనన్నాను.

"మా వీధిలో రోజూ చెప్పావు. పేరు పెట్టి పిలిచినట్టే చెప్పావు. మా ఇంటాయన వేరేది కొందామంటే, నేనే ఇది కొనిపించా."

నాకు విత్తనాల సంగతి తెలియదని చెప్పాను. ఎవరో కాగితం మీద రాసిస్తే చదివానన్నాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. "తెలవకుండానే అంత బాగా చెప్పావా?" అని మాత్రం అని, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే బాబాయి షాపుకు వెళ్లి, విత్తనాలూ పురుగుమందులూ ఇంక చెప్పనన్నాను. ఆయన, సరేలేమ్మా, మనకు చీరలు చాలు అన్నాడు. వారం తిరక్కుండా అదే క్యాసెట్టు కంపెనీ పేరొక్కటి మార్చి మా వీధిలో తిరిగింది. పేరొచ్చిన చోట మాత్రం బాబాయి గొంతు మోటుగా పడింది. అడిగితే, నువ్వు చెప్పనన్నావుగా, అందుకే నిన్ను ఇబ్బంది పెట్టలేదు అన్నాడు. ఆయన మొహంలో కించిత్తు కపటం లేదు. అదే నాకు ఒళ్లు మండించేది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా పట్టు దొరికేది కాదు.

డిగ్రీ అయ్యాక నందిగామ సంబంధం వచ్చింది. అబ్బాయి గవర్నమెంటు బళ్లో టీచరు, నెమ్మదస్తుడు. పెళ్లిచూపుల్లో నన్ను ఏమీ అడగలేదు. తరవాత చెప్పారు, బస్టాండులో నిలబడి రెండేళ్లుగా వింటూనే ఉన్నాను, ఇంకేం అడగాలి అనుకున్నానని. పెళ్లయ్యాక జగ్గయ్యపేట వెళ్లడం తగ్గింది, షాపు మానేశాను. ఇంటి పని, ఒక ప్రైవేటు బళ్లో చిన్న పిల్లలకు పాఠాలు. గొట్టం మైకుతో నా రుణం తీరిందనే అనుకున్నాను.

ఒకరోజు మా ఆయన బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, జగ్గయ్యపేట ఎప్పుడు వెళ్లొచ్చావు అన్నారు. వెళ్లలేదండీ అన్నాను. మరి గాంధీ బొమ్మ దగ్గర కొత్త ఫ్యాన్సీ షాపు గురించి నువ్వు చెబుతున్నావే అన్నారు. నేను చెప్పలేదన్నాను. ఆయన నమ్మినట్టు తలూపారు గానీ, కాఫీ తాగినంతసేపూ నన్నే చూశారు. మర్నాడు ఆటో మా వీధికే వచ్చింది. విన్నాను. ఫ్యాన్సీ షాపు కోసం నేను ఎన్నడూ చెప్పని మాటలు నా గొంతులో చెబుతున్నాను. ఒక మాట చీరలది, ఇంకో మాట హోటలుది. బాబాయి దగ్గరున్న పాత క్యాసెట్లన్నిట్లోంచీ ముక్కలు ఏరి, ఒక టేపులోంచి ఇంకో టేపులోకి ఎక్కించి అతుకు పెట్టాడు. మాటకూ మాటకూ మధ్య టప్‌మని చిన్న చప్పుడు తప్ప వేరే తేడా లేదు. ఫోను చేసి అడిగితే, కాపరానికి వెళ్లినదానివి, చిన్న చిన్న వాటికి నిన్నేం పిలుస్తాంలే అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచికి నిలబడ్డ ఒకాయనకు కత్తెర గుర్తు వచ్చింది. ఆయన మనుషులు జగ్గయ్యపేట వెళ్లి, ఆ అమ్మాయి గొంతే కావాలని బాబాయిని అడిగారట. బాబాయి లేదనే మనిషి కాదు. మధ్యాహ్నం బళ్లో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే కిటికీలోంచి వినపడింది. మొదట 'మన ఊరి పెద్దదిక్కు' అని వచ్చింది. అది పెద్దకర్మ క్యాసెట్టులోది, గొంతులో దుఃఖం నిండుగా ఉంది. తరవాత అభ్యర్థి పేరు బాబాయి గొంతుతో. ఆపైన టైలరింగు శిక్షణలోంచి 'కత్తెర'. 'గుర్తుంచుకోండి'ని మధ్యకు నరికి 'గుర్తు'. చిట్టచివర, చీరల కొట్టు బహుమతుల్లోంచి నా పదహారేళ్ల హుషారంతా పొంగిపోతూ, 'గెలుచుకోండి'.

గెలిపించండి అన్న మాట పాత క్యాసెట్లలో ఎక్కడా లేదు పాపం. దాంతో నందిగామ ప్రజలు సర్పంచి అభ్యర్థిని బహుమతిగా గెలుచుకోవాల్సి వచ్చింది. నా క్లాసులో పిల్లలు ఎక్కాలు మానేసి నావైపు చూశారు. ఒక పిల్ల లేచి, గెలుచుకుంటే ఇంటికి ఇస్తారా టీచర్ అని అడిగింది.

సాయంత్రం ఆ అభ్యర్థే మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, కండువా సర్దుకుంటూ కుర్చీ అంచున కూచున్నాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఆయన బాధ వేరు. "నా పేరు ముందు అట్లా ఏడ్చావేంటమ్మా? మా అమ్మ విని పొద్దుట్నించీ అన్నం తినట్లా. కాస్త నవ్వుతూ చెప్పొచ్చుగా" అన్నాడు. నేను చెప్పలేదని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. పోనీ ఇప్పుడు సరిగ్గా చెప్పు, ఆటో బయటే ఉంది అన్నాడు. మా ఆయన లోపల్నించి వచ్చి, నేను గవర్నమెంటు టీచర్నండీ, ఆ పని కుదరదు అని నెమ్మదిగా చెప్పి పంపించారు.

ఆలోపే ఎవరో అర్జీ పెట్టేశారు. టీచరు భార్య ఒక అభ్యర్థి తరఫున ప్రచారం చేస్తోందని. మా ఆయన్ని మండల విద్యాధికారి ఆఫీసుకు రమ్మన్నారు, నన్ను కూడా తీసుకురమ్మన్నారు. వెళ్లే ముందు నేను జగ్గయ్యపేట బస్సెక్కి బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన డెక్కు ముందు కూచుని క్యాసెట్టు రీలు పెన్సిలుతో చుడుతున్నాడు. నన్ను చూసి ఎంతో సంబరపడి టీ తెప్పించాడు.

"బాబాయ్, నేను చెప్పని మాటలు నా చేత ఎట్లా చెప్పిస్తావు?"

"చెప్పినయ్యేగా అమ్మా అన్నీ. ఒక్క మాటైనా నువ్వు అననిది ఉందా అందులో?"

"విడివిడిగా అన్నా. అట్లా కలిపి అనలా."

"కలపడం నా పని. ఎంత కష్టమో తెలుసా? ఆ గుర్తు అన్న ముక్క కోసం పొద్దుగూకేదాకా కూచున్నా" అని, ఆ ముక్క నాకు వినిపించబోయాడు.

క్యాసెట్లన్నీ ఇచ్చేయమన్నాను. ఆయన నొచ్చుకున్నాడు, కానీ కాదనలేదు. అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, బస్సు దాకా తనే మోసుకొచ్చి ఎక్కించాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, ఇవన్నీ కాపీలు తీసి ఆటోవాళ్లందరికీ ఇచ్చానమ్మా, పాడవుతాయేమోనని నువ్వు భయపడొద్దు అని ధైర్యం చెప్పాడు.

విద్యాధికారి ఆఫీసులో ఇద్దరమూ బెంచీ మీద చాలాసేపు కూచున్నాక లోపలికి పిలిచారు. ఆయన మర్యాదస్తుడే. అర్జీ ముందు పెట్టుకుని, ఆటోలో వచ్చే గొంతు మీదేనా అని అడిగారు.

"గొంతు నాదేనండీ. మాటలు నావి కావు."

"అదెట్లా కుదురుతుందమ్మా? గొంతు మీదేగా?"

పాత క్యాసెట్లు, ముక్కలు, అతుకులు, అన్నీ వివరంగా చెప్పాను. గెలుచుకోండి అన్న మాట చీరలదని చెప్పాను, తెలుగు వచ్చినవాళ్లెవరూ అభ్యర్థిని గెలుచుకోండి అనరని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అంతా విని, "అంటే చెప్పింది మీరే, కానీ మీరు చెప్పలేదు. నేను పైకి ఏమని రాసుకోను?" అన్నారు. వత్సవాయి ఆవిడ మా గుమ్మంలో నిలబడి చూసిన చూపు గుర్తొచ్చింది. అప్పుడు మాటలు నావి కావన్నా ఆమె వినలేదు. నిజమే, ఎందుకు వినాలి? కానీ అప్పుడు మైకు ముందు కూచున్నది నేనే, ఇప్పుడు కాదు. ఈ తేడా పట్టుకోగలిగే మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

అప్పుడే బీరువా పక్కన ఫైళ్లు సర్దుతున్న గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "సార్, ఈవిడ జగ్గయ్యపేట టైలరు గారి అమ్మాయండీ. దాహం పిల్లాడు" అన్నాడు.

అధికారి కుర్చీలో ముందుకు వంగారు. ఆయన సొంతూరు పెనుగంచిప్రోలు పక్కనట. మూడుసార్లు చూశారట ఆ నాటకం. అర్జీ పక్కకు జరిగిపోయింది. రాణి వేషం వేసిన ఆవిడ ఎలా ఉందని, పద్యాలు రాసిన మాస్టారు ఉన్నారా అని అడిగారు. తరవాత కాస్త మొహమాటంగా, ఏమీ అనుకోకపోతే ఆ ఒక్క మాట అనమన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. పట్టుచీర కట్టుకున్నాను, మెడలో మంగళసూత్రం ఉంది. ఆ ఆఫీసులో, రిజిస్టర్ల మధ్య, ఇద్దరు గుమాస్తాల ముందు, ఆరేళ్ల మగపిల్లాడి గొంతుతో "అమ్మా, దాహం" అని రెండుసార్లు అన్నాను. మూడోసారి మాట సగంలో ఆపాను. ఎవరూ చెప్పకుండానే అటెండరు వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. అధికారి జేబురుమాలుతో కళ్లొత్తుకుని, అర్జీ మీద ఏదో రెండు ముక్కలు రాసి పక్కన పడేశారు. ఇంత కళ ఉన్న మనిషి ఎలక్షన్ల జోలికి ఎందుకు పోతుందయ్యా, ఎవరో కిట్టనివాళ్లు పెట్టుంటారు అన్నారు మా ఆయనతో.

నిజం విడమరిచి చెబితే నమ్మనివాళ్లు, నటిస్తే నమ్మారు. బయటికొచ్చాక నాకు కలిగింది అవమానమో కోపమో ఇప్పటికీ చెప్పలేను. మా ఆయన చాలా దూరం నడిచి, సోడా బండి దగ్గర ఆగి, పాపం మంచి మనసుతోనే, "దాహంగా ఉందా?" అన్నారు. ఆ రోజు నేనాయన వైపు చూసిన చూపును ఆయన ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటారు.

కత్తెర గుర్తాయన గెలిచాడు. నా వల్లేనని మిఠాయి పంపించాడు.

ఆ గెలుపు తరవాతే నేనొక నిర్ణయానికి వచ్చాను. నా గొంతు ఎలాగూ ఊరు మీద పడి తిరుగుతోంది, కనీసం నేను చెప్పిందైనా చెప్పినట్టు వినపడే చోటికి దాన్ని తీసుకెళ్లాలి. మా నాటకంలో రాజు వేషం వేసినాయన హైదరాబాదులో స్థిరపడి, టీవీకి వచ్చే పరభాషా కార్యక్రమాలకు తెలుగులో గొంతు ఇస్తున్నారు. ఆయన్ని పట్టుకుని ఒక స్టూడియోకు వెళ్లాను. అద్దాల గది, చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర మీద ఒక అక్కా చెల్లీ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. అక్కకు నేను చెప్పాలి. చెప్పాను. చెప్పించే ఆవిడ అద్దం అవతల నుంచి, "అమ్మా, ముందు ఆటో దిగండి" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఊరంతటికీ చెబుతున్నారు మీరు. పక్కనున్న చెల్లెలికి చెప్పండి" అన్నారు. సాయంత్రం దాకా ప్రయత్నించాను. ఉప్పు తక్కువైందన్న మాట కూడా తగ్గింపు ధరల్లా వినపడింది. ఇన్నేళ్లుగా ఎవరి మెప్పు కోసం గొంతు పెంచుకున్నానో ఆ గొట్టమే నాకు అడ్డమైంది.

వెళ్లిపోదామని బ్యాగు తీసుకుంటుంటే, ఆవిడ, పిల్లల గొంతు వచ్చా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వచ్చండీ అన్నాను. తెర మీద ఒక బొమ్మ పిల్లాడు చెట్టు మీంచి కింద పడి కెవ్వుమన్నాడు. నేనూ కెవ్వుమన్నాను. ఒకే టేకులో అయిపోయింది. అక్కణ్ణించి వారంలో రెండు రోజులు హైదరాబాదు బస్సు, మిగతా రోజులు నందిగామ. అల్లరి పిల్లాళ్లు, మొండి పిల్లాళ్లు, తప్పిపోయిన పిల్లాళ్లు. బొమ్మల కార్యక్రమాల్లో పిల్లాళ్లు చచ్చిపోరు, అది నాకు చాలా నచ్చింది. నా పేరు చివర్లో తెర మీద గబగబా పరిగెత్తేది. మా ఆయన టీవీకి దగ్గరగా కూచుని ఎంత ప్రయత్నించినా ఒక్కసారీ చదవలేకపోయారు.

అమ్మ మాత్రం నేను మళ్లీ మగపిల్లాడినయ్యానని విని తల పట్టుకుంది. నాన్నేమో, ఇవాళ ఎన్ని వన్స్ మోర్లు అని అడిగేవాడు. స్టూడియోలో వన్స్ మోర్ అంటే బాగా రాలేదని అర్థం నాన్నా అని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు.

క్యాసెట్ల కాలం అయిపోతుండగా బాబాయి ఫోను చేశాడు. షాపులోకి కంప్యూటరు వచ్చిందని, ఆటోవాళ్ల దగ్గరున్న కాపీలు తెప్పించి మా పాత క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించానని గర్వంగా చెప్పాడు. "ఇప్పుడు ఒక్కో మాటా విడివిడిగా ఉందమ్మా. అతుకు చప్పుడు కూడా రాదు. నీ గొంతుకింక చావు లేదు" అన్నాడు. గొడవపడే ఓపిక నాకు లేకపోయింది. ఒక్కటే అడిగాను, గెలుచుకోండి ఇంకా వాడుతున్నావా అని. ఎలక్షన్లు వస్తున్నాయిగా, వాడాలి అన్నాడు. ఆ ఆదివారం జగ్గయ్యపేట వెళ్లాను. దుప్పట్ల గదిలో కూచుని 'గెలిపించండి' అని చెప్పి వచ్చాను. నా గొంతు ఎలాగూ ఆయన దగ్గరే ఉండిపోయింది, తప్పుడు క్రియతో ఊళ్లు తిరగడం మాత్రం భరించలేకపోయాను. ఆయన విని, ఇంకొంచెం హుషారుగా చెప్పొచ్చేమో అన్నాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఒకసారి రెండు రోజులపాటు ఒక రాక్షస పిల్లాడికి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. పొద్దున్నే హైదరాబాదులో బస్సెక్కాను. కండక్టరు ఎక్కడికమ్మా అంటే గాలి తప్ప మాట రాలేదు. వేళ్లతో సైగలు చేస్తుంటే, పక్క సీట్లో పెద్దావిడ అందుకుని, మూగపిల్లనుకుంటానయ్యా, విసుక్కోకు, కాగితం ఇచ్చి రాయించుకో అంది. టిక్కెట్టు వెనక నందిగామ అని రాశాను. ఆవిడ నా భుజం తట్టింది. కాదని చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు. కాసేపటికి చెప్పాలనీ అనిపించలేదు.

కోదాడ దాటేసరికి ఆవిడ తన కష్టాలు చెప్పడం మొదలుపెట్టింది. కోడలి సంగతి, కొడుకు సంగతి, తన మనసులో ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోనిదొకటి. గరికపాడు దగ్గర ధాబాలో బస్సు ఆగితే నా కోసం టీ తనే తెచ్చి, చెయ్యి కాలుతుందని గ్లాసు చుట్టూ కొంగు చుట్టి ఇచ్చింది. నేను వింటూ తలూపుతూ కూచున్నాను. ఏదీ ఒక్క మాట అనమని ఎవరూ అడగని ప్రయాణం నా జ్ఞాపకంలో అదొక్కటే. జగ్గయ్యపేటలో దిగుతూ ఆవిడ చేతిసంచీలోంచి రెండు జామకాయలు తీసి నా ఒళ్లో పెట్టి, కండక్టరును పిలిచి, ఈ పిల్లను నందిగామలో జాగ్రత్తగా దించమని చెప్పింది. తరవాత నా వైపు వంగి, "ఇంతసేపు ఎవరూ విన్లేదమ్మా నా మాట. నువ్వెవరికీ చెప్పలేవు కూడా" అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను.